వాన్‌గార్డు పుస్తకం, అంచులతో సహా

గోపాలయ్య రాయచూరు జిల్లా కోర్టు నకళ్ల విభాగంలో ముప్ఫైతొమ్మిది సంవత్సరాలు పనిచేశాడు. నిజాం కాలంలో ఉర్దూలో మొదలుపెట్టి, ఆ తరువాత ఇంగ్లీషులో కొనసాగి, జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన పిమ్మట ముప్ఫైమూడేళ్ల వయస్సులో కన్నడం నేర్చుకొని, మూడు ప్రభుత్వాల తీర్పులనూ దావాలనూ వాంగ్మూలాలనూ ఎత్తి రాశాడు. ఒకసారి ఒక దస్తావేజులో సాక్షి వయస్సు రెండువందల ముప్ఫై సంవత్సరాలని పడింది. గోపాలయ్య నకలులోనూ రెండువందల ముప్ఫై అనే వేశాడు. వకీలు వచ్చి తగువు పెట్టుకున్నాడు.

“మూలంల ఆయన అన్నేండ్లు బతికిండు వకీల్ సాబ్. నకలుల ఆయన్ని సంపేటందుకు నేనెవరిని?” అని గోపాలయ్య జవాబు చెప్పాడు.

ఆ విభాగానికి కట్టుబాట్లు ఉండేవి. మూలంలో తప్పుంటే ఆ తప్పు నకలులోనూ ఉండాలి. మూలం తయారైన తరువాత దాని మీద మరొక చెయ్యి పడి, పక్కన ఏదైనా రాసి ఉంటే, అది మూలంలో భాగం కాదు గనుక వదిలివేయాలి. నకలు పూర్తికాగానే ముకాబలా జరగాలి. అంటే ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే, మరొకరు నకలు మీద వేలు పెట్టి ప్రతి అక్షరమూ సరిచూడాలి. అది ముగిశాక “మూలమునకు సరి” అని రాసి సంతకం చేయాలి. గోపాలయ్య అటువంటి సంతకాలు కొన్ని వేలు చేశాడు. వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఆయన తన సొంత మాటగా ఎవరికీ ఉత్తరం రాసి ఎరగడు. భార్య బతికి ఉన్న రోజుల్లో ఆమె పుట్టింటికి వెళ్లినా, క్షేమ సమాచారం పక్కింటివారి చేత చెప్పించేవాడే గాని కలం పట్టేవాడు కాదు.

అటువంటి మనిషి అరవయ్యో ఏట, పింఛను తీసుకుంటూ, ఒక మోటారుకారు కోసం కలం పట్టవలసి వచ్చింది.

కారు ఆయన చెల్లెలు తాయమ్మది. ఆమె భర్త సూగప్ప పూర్వం ఒక వకీలు దగ్గర డ్రైవరుగా ఉండి, వకీలు గతించాక ఆ ఇంటివారి దగ్గర ఆ వాన్‌గార్డు కారును తీసుకున్నాడు. వీపు గుండ్రంగా, బూడిద రంగులో, ఎండలో పడుకున్న గేదెలా ఉండేది ఆ బండి. పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ రైల్వేస్టేషనుకూ బాడుగకు తిరిగేది. సూగప్ప పోయిన తరువాత కొడుకు తిమ్మన్న దాన్ని నడుపుతూ, చేతనైనంత మరమ్మతు తానే చేసుకుంటూ వచ్చాడు. ఇంతలో ఊరికి ఉత్తరాన కృష్ణ ఒడ్డున శక్తినగరులో విద్యుత్కేంద్రం కట్టడం మొదలైంది. ఇంజనీర్ల కుటుంబాలూ ఫిట్టర్లూ గుత్తేదారులూ రోజూ స్టేషనుకూ అక్కడికీ మధ్య తిరగసాగారు. తాయమ్మ ఇంట్లో పొయ్యి ఆ రాకపోకల మీదనే వెలిగేది. ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

పందొమ్మిదివందల ఎనభైమూడు మార్చి నెల మొదటి వారంలో, మిట్టమధ్యాహ్నం, వాన్‌గార్డు కృష్ణ వంతెన మీద నిలిచిపోయింది. వెనుకనుంచి తెల్లటి పొగ వచ్చింది. తిమ్మన్న నూనె కొలత పుల్ల బయటికి తీసి చూస్తే, నూనె పాలు కలిపిన చాయ్ రంగుకు తిరిగి ఉంది. ఇంజనులోని నీళ్లు నూనెలోకి దిగిపోతున్నాయన్నమాట. సరిగ్గా ఆ సమయానికే విద్యుత్కేంద్రానికి యంత్రభాగం మోసుకువస్తున్న ఒక పెద్ద ట్రెయిలరు వంతెన ఎక్కింది. ఇరుకు వంతెన. ట్రెయిలరు ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. మూడు గంటలపాటు ఆంధ్రకూ కర్ణాటకకూ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. రవాణా గుత్తేదారు ఫిర్యాదు పెట్టాడు. వారం తిరగకుండానే మోటారు వాహనాల తనిఖీ అధికారి దగ్గరనుంచి కన్నడంలో నోటీసు వచ్చింది.

తాయమ్మ దాన్ని అన్నగారి చేతిలో పెట్టింది.

“ఏం రాసిండ్రు అన్నా? తిట్టిండ్రా?”

“తిట్టలేదు. మర్యాదగ సంపిండ్రు.”

గోపాలయ్య తెలుగు చేసి చదివాడు. “సదరు వాహనము అతి పురాతనమైనదియు, రహదారికి ఆటంకము కలిగించినదియు అయినందున, అరువది దినముల లోపల తయారీదారుల ముద్రిత మరమ్మతు గ్రంథములోని నిర్దేశముల ప్రకారము ఇంజనును బాగుచేయించి, ఆ గ్రంథముతో సహా ఈ కార్యాలయమున హాజరుపరచవలెను. తప్పినచో వాహనపు నమోదు రద్దు చేయబడును.”

“రద్దయితే?” అంది తాయమ్మ.

“తూకానికి తుక్కోళ్లకు పోతది. తిమ్మన్న శక్తినగర్ల సిమెంటు తట్ట మోస్తడు.”

తిమ్మన్న చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, “మామా, ఆ బుక్కు ఏడ దొరుకుతది? ఆ బండ్లు జేసుడే బంద్ జేసి ఇరవై ఏండ్లు దాటె. మన ఊర్ల మేస్త్రీలు అంబాసిడరు తప్ప ఇంకోటి ఎరగరు. కిందటేడు ఇప్పినోడు అన్ని ఒక తీరుగ రుద్ది సాపు జేసి పెట్టిండు, గప్పటిసంది ఈ రోగం పట్టింది” అన్నాడు.

“తుక్కు అనేటందుకు వాళ్లకు నోరెట్ల వచ్చింది?” అంది తాయమ్మ. “ఈ ఊరి సగం పెండ్లికూతుర్లను అత్తగారింట్ల దింపిన బండి. నేను గట్టిగనే ఉన్న. నా బండికేమొచ్చింది?”

మరునాడు గోపాలయ్య జవాబు రాశాడు. అది ఆయన జీవితంలో తన సొంత మాటగా రాసిన మొదటి ఉత్తరం. కన్నడంలో రాసిన ఆ ఉత్తరం తెలుగులో ఈ విధంగా ఉంటుంది.

“తమ నోటీసు అందినది. తాము కోరిన గ్రంథము నేడు అచ్చులో లేదని తమ కార్యాలయపు గుమాస్తాయే నోటిమాటగా సెలవిచ్చియున్నాడు. లేనిదానిని తెమ్మనుట న్యాయమా కాదా అను విచారణకు ఇది సమయము కాదు. తెచ్చెదము. తాము విధించిన గడువును తామును పాటింతురు గాక. ఇట్లు, తాయమ్మగారి తరఫున, గోపాలయ్య.”

దాన్ని స్వయంగా తీసుకువెళ్లి, అందినట్లు ముద్ర వేయమని అడిగాడు. తనిఖీ అధికారి ధారవాడ వైపు మనిషి, మంచి వయస్సులో ఉన్నవాడు. ఉత్తరం చదివి నవ్వాడు.

“పెద్దాయనా, ఆ పుస్తకం దొరకదు. దొరకదనే అలా రాశాను.”

“దొరకదని తాము రాయలేదు. చూపమని రాశారు. నేను కాగితం మీద ఉన్నదే చదువుతాను” అన్నాడు గోపాలయ్య. ముద్ర వేయించుకొని గాని కదలలేదు.

ఆ తరువాత పదకొండు ఉత్తరాలు పదకొండు చిరునామాలకు వెళ్లాయి. మద్రాసు, బొంబాయి విడిభాగాల దుకాణాలకు ఇంగ్లీషులో, సికిందరాబాదు గ్యారేజీలకు ఉర్దూలో, బెంగుళూరులో పాత కార్లు పెంచుకునే ఒక పెద్దమనిషికి కన్నడంలో. ప్రతి ఉత్తరానికీ నకలు తీసి దారంతో కుట్టి దస్త్రంలో పెట్టాడు. నాలుగు చోట్లనుంచి జవాబే రాలేదు. ఆరు చోట్లనుంచి విచారం వచ్చింది. బెంగుళూరు పెద్దమనిషి అయితే, పుస్తకం లేదుగాని బండి ఇస్తే కొంటానని రాశాడు. ఆ ఒక్క జవాబును తాయమ్మకు చదివి వినిపించకుండానే గోపాలయ్య దస్త్రంలో కుట్టేశాడు.

ఇరవైరెండో రోజున, సికిందరాబాదు గ్యారేజీవారొకరు ఆయన ఉత్తరాన్ని అందించగా, హైదరాబాదు ఆబిడ్సులో పాత పుస్తకాలు అమ్మే ఒక ముసలాయన దగ్గరనుంచి ఉర్దూలో పోస్టుకార్డు వచ్చింది. అందులో ఇలా ఉంది: “జనాబ్, ఆ కితాబు ఒకప్పుడు నా దగ్గర ఉండేది. పన్నెండేళ్ల క్రితం ఒక ఆంధ్ర రైతు తీసుకుపోయాడు. ఆయనకు కారు లేదు. మరి ఎందుకని అడిగితే, తన పాత ట్రాక్టరు ఇంజనూ ఈ కారు ఇంజనూ ఒక్క కడుపున పుట్టినవే అన్నాడు. ట్రాక్టరు పుస్తకాలు వస్తే తెలియజేయమని చిరునామా ఇచ్చిపోయాడు. తమ జిల్లావాడే.”

చిరునామా సింధనూరు దాటిన తరువాత కాలువ పక్కన ఆంధ్ర రైతులు కట్టుకున్న ఒక క్యాంపుది. పేరు శివరామకృష్ణయ్య.

గోపాలయ్య మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. మాన్వి దాటేదాకా ఎండిన నల్లరేగడి నేల, సింధనూరు దాటగానే కళ్లు చెదిరే పచ్చటి వరి. శివరామకృష్ణయ్య పాతికేళ్ల క్రితం కృష్ణా జిల్లా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద భూమి కొన్న రైతు. ఇంటి ముందు పందిట్లో బూడిద రంగు పాత ట్రాక్టరు నిలబడి ఉంది. గోపాలయ్య వచ్చిన పని చెప్పగానే ఆయన మంచినీళ్లిచ్చి, ఉన్నమాట చెప్పేశాడు.

“పుస్తకం ఉందండీ. ఇవ్వనండీ.”

“కారణం అడగవచ్చునా?”

“ఒకసారి గంగావతి ఆయనకిచ్చాను. తిరిగి తెచ్చుకోవడానికి ఆర్నెల్లూ నాలుగు పంచాయితీలూ పట్టాయి. అప్పట్నించీ అది ఈ గడప దాటలేదు. మీరు పెద్దమనిషే, ముఖం చూస్తే తెలుస్తోంది. కాకపోతే ఆయన ముఖం కూడా అచ్చం ఇలాగే ఉండేది.”

“నేను పుస్తకం అడగలేదు. ఒక చాపా, ఒక ఎత్తుపీటా అడుగుతున్నాను. మీ గడప లోపలే కూర్చుని ఎత్తి రాసుకుంటాను.”

శివరామకృష్ణయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. “మొత్తమా? ఇంజను ఒక్కటే డెబ్బై పేజీలుందండీ. బొమ్మలు వేరే.”

“బొమ్మలకు పలచటి కాగితం తెచ్చుకున్నాను.”

తొమ్మిది రోజులు ఆ వసారాలో గోపాలయ్య ఇంజను ప్రకరణం ఎత్తి రాశాడు. పుస్తకానికి అట్ట లేదు. ప్రతి పుట అంచునా తెలుగులో పెన్సిలు రాతలున్నాయి. ఆ ఇంట్లో మూడు పూటలా అన్నమే పెట్టారు. నాలుగో నాటికి జొన్నరొట్టె కోసం ఆయన నాలుక పీకసాగిందిగాని, మర్యాద కాదని పైకి అనలేదు. ఇంగ్లీషు మాటలు చాలావాటికి అర్థం తెలియదు. తెలియనవసరం కూడా లేదు. అర్థం తెలిసినవాడు రాస్తూ రాస్తూ తన తెలివిని కలుపుతాడని నకళ్ల విభాగంలో ఒక భయం ఉండేది.

పదో రోజు ముకాబలా. శివరామకృష్ణయ్య మనవరాలు వాణి సింధనూరులో కళాశాలకు వెళ్తుంది. ఆ అమ్మాయి మూలాన్ని పైకి చదువుతుంటే, గోపాలయ్య నకలు మీద వేలు నడిపిస్తూ పోయాడు. ఒక చోట ఆ అమ్మాయి ఆగింది.

“తాతగారూ, ఇక్కడ పక్కన తెలుగులో చాలా రాసుందండీ. మా ట్రాక్టరు నడిపే వీరబాబు రాత ఇది. చదవనా?”

“అచ్చు పడినదా?”

“కాదండీ, పెన్సిలు.”

“అయితే వద్దమ్మా. మూలం కానిది నకలుకు ఎక్కదు.”

“బొమ్మ కూడా వేశాడండీ.”

“వేయనీ. తరువాతి పంక్తి చదువు తల్లీ.”

చివరి పుట కింద “ముకాబలా అయినది, మూలమునకు సరి” అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, శివరామకృష్ణయ్యకు నమస్కారం పెట్టి ఆయన బస్సెక్కాడు. ముప్ఫైమూడో రోజు గడుస్తోంది. ఒడిలోని కాగితాల కట్టను దారి పొడవునా రెండు చేతులతో పట్టుకొనే ఉన్నాడు.

తిమ్మన్న ఇంజను విప్పాడు. గోపాలయ్య ఎదురుగా ముక్కాలిపీట వేసుకొని, నకలులోని ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెబుతూ వచ్చాడు. అంతా సాఫీగానే సాగింది. ఆ ఇంజనులో పిస్టన్లు ఆడే గొట్టాలు, అంటే లైనర్లు, విడిగా ఉంటాయి. వాటి చుట్టూ నీళ్లు తిరుగుతాయి. ఒక్కొక్క జంట లైనర్ల కింద ఎనిమిది అంకె ఆకారంలో ఒక సన్నని రేకు కూర్చుంటుంది. ఆ రేకు పాడైతే నీళ్లు నూనెలోకి దిగుతాయి. అసలు రోగం అక్కడే ఉందని నకలు చెప్పింది. మందు దగ్గరికి వచ్చేసరికి ఇలా అన్నది: “కొత్త రేకులను అధీకృత విక్రేతవద్ద పొందవలెను. బదులు వస్తువులు ఎంతమాత్రము వాడరాదు.”

తిమ్మన్న చేతిలోని పానా కింద పెట్టాడు.

“పొందాల్నంట. పొందినంక ఏం జెయ్యాల్నో మంచిగనే రాసిండ్రు మామా. ఏడ పొందాలె?”

మద్రాసుకూ బొంబాయికీ టెలిగ్రాములు వెళ్లాయి. ఆ రేకులు ఎవరి దగ్గరా లేవు. తిమ్మన్న డబ్బా రేకు కత్తిరించి పెట్టి చూశాడు. రెండు రోజులు కష్టపడి ఇంజను బిగించి తిప్పితే, అరగంటలో నూనె మళ్లీ చాయ్ రంగుకు వచ్చింది. పక్కింటి హుచ్చమ్మ గోడ మీదుగా తొంగిచూసి, “తాయమ్మా, రోజూ బండికే తాపుతవా? నాకో గ్లాసు పొయ్యరాదు” అంది. తాయమ్మ ఆమెకు బదులు చెప్పకపోవడం ఆ వీధిలో అదే మొదటిసారి.

నలభైఆరో రోజు పొద్దున గోపాలయ్య చెల్లెలి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రాత్రంతా ఆయన చెవిలో ఆ అమ్మాయి మాటే తిరిగింది. బొమ్మ కూడా వేశాడండీ. అదే రేకులు, అదే పాత ఇంజను. పల్లెటూరి క్యాంపులో అధీకృత విక్రేత ఎక్కడుంటాడు? మరి ఆ ట్రాక్టరు నేటికీ ఎట్లా దున్నుతున్నది? దానికి జవాబు ఆ అంచున పెన్సిలుతో, తనకు చిన్ననాడే వచ్చిన భాషలో ఉంది. అర్థం కాని డెబ్బై పుటలు ఎత్తి రాసి, అర్థమయ్యే నాలుగు పంక్తులను తానే వద్దన్నాడు.

“తప్పు నాది తాయమ్మా. అసలుది ఇడిసిపెట్టి వచ్చిన.”

తాయమ్మ విషయమంతా విన్నది. బియ్యంలో రాళ్లేరుతున్న చేట పక్కన పెట్టింది.

“ఇడిసిపెట్టినోనివి నువ్వే గద. తెచ్చెటోనివి గూడ నువ్వే. పన్నెండింటికి బస్సున్నది. రొట్టె కట్టిస్త, ఆడ అన్నం తినలేనని ముఖం ముడుచుకోకు.”

ఈసారి వీరబాబు ఇంట్లోనే ఉన్నాడు. పుట్టింది గోదావరి జిల్లా అయినా, యజమానితో పాటు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాడు. యాభై దాటినా నిటారుగా ఉన్నాడు. మొన్న తొమ్మిది రోజులూ కోతల మీద కారటగి వైపు పోయి ఉన్నాడట. సంగతి విని నడుం మీద చేతులు వేసుకున్నాడు.

“నా రాతలు వదిలేశారాండీ?”

“వదిలేశాను.”

“శుభలేఖ మొత్తం రాసి ముహూర్తం వదిలేసినట్టుందండి.” వసారాలో ఉన్న శివరామకృష్ణయ్య నవ్వాడు. వీరబాబు నవ్వలేదు. “పోన్లెండి. రాసుకోండి, నోటితో చెప్పేత్తాను.”

“చెప్పినది నాకు వద్దు. రాసినది కావాలి. ఏ పుట పక్కన ఏది రాశారో, అది అక్కడే పడాలి.”

పుస్తకం మళ్లీ ఎత్తుపీట ఎక్కింది. రెండు రోజులు గోపాలయ్య అంచు రాతలు ఎత్తి రాశాడు. వాటిలో ముఖ్యమైనవి ఈ విధంగా ఉన్నాయి:

“కంపెనీ రేకు దొరకదు. ఎతకొద్దు. గిన్నెలకి మాటేసే సన్న రాగిరేకు తీసుకో. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడద్ది. అప్పుడు ఎనిమిది లాగా కత్తిరించు.”

“లైనరు తల బ్లాకు మీద గడ్డం గీసుకునే బ్లేడంత మందం పైకి ఉండాలి. ఏలికి తెలవదు, బ్లేడు ఆనించి చూడు. సమంగా ఉంటే నీళ్లు కారతాయి. సమంగా ఉంటే కింద ఇంకో రేకు ఎయ్యి.”

“ఎవడైనా అన్నీ కలిపి సాపుగా రుద్దేసి ఉంటే, వాణ్ణి నాలుగు తిట్టి రెండో రేకు ఎయ్యి.”

ఈ చివరి వాక్యం దగ్గర గోపాలయ్య కలం కొంచెం ఆగింది. రాయచూరులో కిందటేడు జరిగింది సరిగ్గా అదే. ఆయన అచ్చు పుట వైపు తిరిగాడు. లైనరు ఎత్తు అంగుళంలో మూడు నుంచి అయిదు వేల వంతులు ఉండాలని కంపెనీ చెప్పింది.

“బ్లేడు మందం ఎంత వీరబాబూ?”

“డ్యాం ఇంజనీరు ఒకాయన కొలిచాడండి. నాలుగన్నాడు.”

ముకాబలా ఈసారి కూడా వాణే చేసింది. పెన్సిలు రాతలను ఆ అమ్మాయి వీరబాబు యాసలోనే చదువుతుంటే, వీరబాబు ట్రాక్టరు చాటుకు పోయి నిలబడ్డాడు. అంతా అయిన తరువాత గోపాలయ్య వీరబాబును పిలిచి, పుస్తకాన్ని అతని ముందుకు జరిపాడు.

“ప్రతి రాత కిందా పేరు రాయండి.”

“నా పేరెందుకండీ, దీనికి?”

“పేరు లేని రాతను నేను నమ్మి ఎక్కించలేను. ముప్ఫైతొమ్మిదేళ్ల అలవాటు. ఒకదాన్ని మొన్ననే విడిచాను, రెండోదాన్ని విడవను.”

వీరబాబు పదిహేడు చోట్ల పేరు రాశాడు. గోపాలయ్య వాటినీ ఎత్తి రాసి, చివరి పుట కింద తాను మొదట చేసిన ధ్రువీకరణను అడ్డంగా కొట్టివేశాడు. దాని కింద కొత్తగా ఇలా రాశాడు: “పైన ఇచ్చిన ధ్రువీకరణ తప్పు. తప్పు నాది. ఇప్పుడు అంచు రాతలతో సహా మూలమునకు సరి.” దాని కిందా తేదీ వేసి సంతకం చేశాడు.

యాభైఎనిమిదో రోజున, లైనర్ల కింద రెండేసి రాగిరేకులు వేసుకొని, వాన్‌గార్డు తనంత తాను నడిచి తనిఖీ కార్యాలయం ఆవరణలోకి వచ్చింది. వెనుక సీటులో తాయమ్మ, ముందు గోపాలయ్య, ఆయన ఒడిలో కట్ట. తనిఖీ అధికారి బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు. తరువాత, వంతెన మీద ఆగిన బండి గనుక వంతెన మీదనే చూస్తానని, తన జవాన్లు నలుగురిని ఎక్కించి తానూ ముందు కూర్చున్నాడు. మే నెల మొదటి ఎండ. శక్తినగరులో సగం లేచిన పొగగొట్టం చుట్టూ మనుషులు చీమల్లా కనబడుతున్నారు. తిమ్మన్న వంతెన దాటాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ దాటాడు, మళ్లీ వచ్చాడు. ఎదురుగా ట్రెయిలర్లు వచ్చాయి. ఒక డ్రైవరు ఆ బండిని గుర్తుపట్టి కిటికీలోంచి చెయ్యెత్తి మొక్కాడు, దయచేసి ఆగకమ్మా అన్నట్లు.

ఆవరణకు తిరిగి రాగానే అధికారి స్వయంగా నూనె పుల్ల బయటికి తీశాడు. తెల్ల కాగితం మీద తుడిచాడు. నూనె నల్లగా, శుభ్రంగా ఉంది. పుస్తకం చూపమన్నాడు. గోపాలయ్య కట్ట విప్పి, మూలం శివరామకృష్ణయ్యగారి ఇంట ఉన్నదనీ, ఇది దాని నకలనీ విన్నవించాడు. అధికారి పుటలు తిప్పుతూ అంచుల దగ్గర ఆగాడు.

“ఈ తెలుగు ఏమిటి? వీరబాబు ఎవరు? కంపెనీ ఇంజనీరా?”

“ట్రాక్టరు డ్రైవరు.”

“అయితే ఇది తయారీదారుల నిర్దేశం కాదు. పెద్దాయనా, బండి బాగుంది, ఒప్పుకుంటాను. ఈ అంచులు కత్తిరించి అచ్చుభాగం మాత్రం ఇవ్వండి. ఇప్పుడే సంతకం పెడతాను. కత్తెర కూడా నా దగ్గరే ఉంది.”

కత్తెర బల్ల మీదికి వచ్చింది. తిమ్మన్న మామ వైపు చూశాడు. కత్తిరిస్తే బండి రోడ్డు మీద ఉంటుంది. మిగిలినవి రెండే రోజులు.

“కత్తిరించను” అన్నాడు గోపాలయ్య. “కంపెనీవారు పొందమన్నారు, వీరబాబు చేసుకొమ్మన్నాడు. లైనరు ఎత్తు విషయంలో ఇద్దరూ చెప్పిన అంకె ఒక్కటే. తమ నోటీసు కోరిన నిర్దేశం ఆ అంకె. అది నెరవేరింది. ఏ చేత నెరవేరిందో దాచిపెట్టి ఇచ్చే నకలు దొంగ నకలు అవుతుంది. ఒకసారి తెలియక ఇచ్చాను. తెలిసి ఇవ్వను.”

“అయితే నేను తిరస్కరించవలసి వస్తుంది.”

“తిరస్కరించండి. కారణం రాసి ఇప్పించండి. బ్రేకులు బాగున్నవి, నూనె శుభ్రంగా ఉన్నది, వంతెన నాలుగుసార్లు దాటినది, అయినను కాగితపు అంచున తెలుగు ఉన్నందున రద్దు చేయడమైనది, అని. నేను దానికి నకలు తీసుకొని, పైవారికి ఎంతమందికి పంపాలో అంతమందికీ పంపుతాను. నాకు వేరే పని లేదు. చేతిరాత కూడా బాగుంటుంది.”

తాయమ్మ అంతవరకూ గుమ్మం దగ్గరే ఉంది. ముందుకు వచ్చి కత్తెరను అధికారి వైపు జరిపింది.

“సాబ్, ఆ అంచుల మీదనే నా బండి ఇక్కడిదాంక నడిచొచ్చింది. కత్తిరిచ్చేదుంటే ముందల బండిని కత్తిరియ్యి.”

అధికారి నూనె తుడిచిన కాగితం వైపు ఒకసారి చూశాడు. జవాన్లలో ఒకడు నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. అధికారి కత్తెర సొరుగులో వేసి, ధ్రువపత్రం ముందుకు లాక్కొని, ఒక సంవత్సరానికి అని రాసి సంతకం చేశాడు. ముద్ర గట్టిగా వేశాడు.

తిమ్మన్న కాగితం అందుకున్నాడు. గోపాలయ్య కట్ట కట్టుకోసాగాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

“దాన్ని ఇక్కడ వదిలి వెళ్లండి. మా ప్రభుత్వ జీపు ఒకటి నెలనుంచి పడి ఉంది. అదీ పాతదే. ఆ రాగిరేకు సంగతి మా మెకానిక్కుకు చూపాలి.”

“నకలు వదలడానికి వీలులేదు. కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి, మరొకటి రాసి ఇస్తాను.”

“నేనా? దరఖాస్తా?”

“రెండు. అచ్చు భాగానికి శివరామకృష్ణయ్యగారి పేరున ఒకటి. అంచులకు వీరబాబు పేరున ఒకటి. మనవి అని మొదలుపెట్టాలి.”

అధికారి ఆయన ముఖంలోకి చూశాడు. అక్కడ నవ్వు ఏ మూలా కనిపించలేదు. బయట తాయమ్మ అప్పటికే బండెక్కి, స్టేషనుకు పోయే ఇద్దరు బేరగాళ్లను కేకవేసి పిలుస్తున్నది. అధికారి సొరుగులోంచి రెండు తెల్లకాగితాలు తీసి, కలం మూత విప్పి, “వీరబాబు ఇంటిపేరు ఏమిటి?” అని అడిగాడు.